మార్చి చూద్దామా, కొలిచి చూద్దామా?

మన ఫస్టియర్ బేసిక్ ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ రికార్డు ఇంకా పారేయకపోతే ఒకసారి తీసి చూడండి. జీనర్ డయోడ్ రెగ్యులేటర్ అని ఒక ఎక్స్‌పెరిమెంట్ ఉంటుంది. దానికి రెండు గ్రాఫులు. ఒకటి లైన్ రెగ్యులేషన్, అంటే లోపలికి వచ్చే వోల్టేజ్ మారుతుంటే బయటికి వచ్చేది ఎంత నిలకడగా ఉంటుందో చూడటం. రెండోది లోడ్ రెగ్యులేషన్, అంటే మనం లాగే కరెంటు మారుతుంటే ఏమవుతుందో చూడటం. బ్రాంచ్ ఏదైనా దాదాపు అందరం గీశాం. వైవాలో అడిగితే రెండు డెఫినిషన్లూ గడగడా చెప్పాం. మార్కులు కూడా వచ్చాయి.

నా కంప్లైంట్ ఆ గ్రాఫ్ మీద కాదు. ఆ గ్రాఫ్ చెడిపోయినప్పుడు ఏం చేయాలో మనకి ఎవరూ నేర్పలేదన్నదే నా బాధ. మన ల్యాబ్‌లో సర్క్యూట్లన్నీ పనిచేసేవే. పనిచేయకపోతే పక్క టేబుల్ కిట్ తెచ్చుకుంటాం, లేదా పక్క బ్యాచ్ రీడింగ్స్ తెచ్చుకుంటాం. అందుకే బయట ఏదైనా సొంతంగా చేసి, అది మొరాయిస్తే మన నోటి నుంచి వచ్చే మొదటి మాట "ఆ పార్ట్ మార్చి చూద్దాం". "ఎక్కడెక్కడ ఎంత ఉందో కొలిచి చూద్దాం" అనేది ఆఖర్న వస్తుంది. ఒక్కోసారి అసలు రాదు.

ఈ మాట ఎందుకంటున్నానో చెప్పడానికి ఒక కేసు చెప్తాను. మన క్లబ్ ఆడియో కథల కోసం ఇద్దరు ఈసీఈ మిత్రులు ఒక మైక్ ప్రీఆంప్లిఫయర్ తయారుచేశారు. చిన్న ఎలక్ట్రెట్ మైక్, దాని తర్వాత ఎన్‌ఈ 5532 ఐసీలు, దానికి ప్లస్ 15, మైనస్ 15 వోల్టుల పవర్ సప్లై. సప్లై కూడా సొంతంగా చేసిందే. ట్రాన్స్‌ఫార్మర్, నాలుగు డయోడ్ల బ్రిడ్జి, ఒక్కో వైపు 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్, ప్లస్ వైపు 7815, మైనస్ వైపు 7915. నెట్‌లో ఎక్కడ చూసినా కనిపించే డిజైనే. నా పని రికార్డింగ్‌ని లాప్‌టాప్‌లో ఎడిట్ చేయడం వరకే.

కాలేజీలో టెస్ట్ చేస్తే అద్భుతంగా పనిచేసింది. మీటర్ పెడితే 15.02 వోల్టులు. అందరూ చప్పట్లు కొట్టారు. దసరా సెలవుల్లో ఒక ఫ్రెండ్ దాన్ని వాళ్ల ఊరికి తీసుకెళ్లి నాయనమ్మ చెప్పే కథలు రికార్డ్ చేసుకొచ్చాడు. రాత్రి భోజనాలయ్యాక, వాకిట్లో కూర్చుని చెప్పిన కథలు. నలభై నిమిషాలు. మొత్తం నలభై నిమిషాలూ ఆవిడ గొంతు వెనక గుయ్‌మని ఒకటే మోత. ఆవిడ నెమ్మదిగా మాట్లాడిన చోట మాటలు అసలు వినపడవు.

కాలేజీకి తెచ్చి ఆన్ చేస్తే మోత లేదు! ఇక మొదలైంది మార్చడం. 7815 మార్చారు. తర్వాత 7915 మార్చారు. కెపాసిటర్లు మార్చారు. మైక్ వైరు తీసేసి షీల్డెడ్ కేబుల్ వేశారు. ఒక ఏఐ చాట్‌బాట్‌ని అడిగితే పన్నెండు కారణాలు వరుసగా ఇచ్చింది. పన్నెండూ నిజంగా జరగగలిగేవే. కానీ ఆ పన్నెండులో మనది ఏదో దానికెలా తెలుస్తుంది? మార్చిన ప్రతిసారీ కాలేజీలో పెట్టి చూస్తే బాగానే ఉంది. మార్చక ముందు కూడా ఇక్కడ బాగానే ఉంది కదా! మా సీఎస్ఈ వాళ్ల భాషలో దీన్నే "నా మెషీన్‌లో రన్ అవుతోంది" అంటాం.

దారి చూపించింది టౌన్‌లో టీవీలు, ఆంప్లిఫయర్లు రిపేర్ చేసే ఒక అంకుల్. బోర్డు చూడను కూడా చూడలేదు. అడిగింది ఒకటే ప్రశ్న.

"ఎప్పుడు మోగుతోంది బాబూ? పొద్దునా, రాత్రా?"

"రాత్రి అంకుల్. వాళ్ల ఊళ్లో."

"అయితే బోర్డు నా దగ్గరికెందుకు తెచ్చారు? ఆ ఊళ్లో రాత్రిపూట కరెంటు ఎంతుంటుందో చూసి రండి."

ఇంజనీరింగ్ చదువుతున్న మన బుర్రలకి తట్టనిది ఆయనకి వెంటనే తట్టింది. నిజానికి మన ఇళ్లల్లో అమ్మలకి కూడా ఇది తెలుసు. లో వోల్టేజ్ ఉన్నప్పుడు మిక్సీ వేయొద్దంటారు. ఫ్రిజ్ పక్కన స్టెబిలైజర్ ఉండేది ఎందుకు మరి? లైన్ రెగ్యులేషన్ అనే పేరు తెలియదు కానీ దాంతోనే కాపురం చేస్తున్నారు. మనకి పేరు తెలుసు, గ్రాఫ్ తెలుసు, ఆ గ్రాఫ్‌లో ఎక్స్ యాక్సిస్ మీద ఉన్నది మన ఊరి కరెంటే అని తెలియదు.

సరే, కొలతల్లోకి వద్దాం. అసలు కథంతా అక్కడే ఉంది.

మొదటి కొలత నా లాప్‌టాప్‌లోనే దొరికింది. రికార్డింగ్‌ని అడాసిటీలో తెరిచి స్పెక్ట్రమ్ చూస్తే నిటారుగా లేచిన గీతలు 100, 200, 300 హెర్ట్జ్ దగ్గర ఉన్నాయి. 50 దగ్గర దాదాపు ఏమీ లేదు. ఇది చిన్న విషయం కాదు. మన కరెంటు 50 హెర్ట్జ్. పక్కనున్న వైర్ల నుంచో, ట్రాన్స్‌ఫార్మర్ నుంచో మైక్ వైరులోకి హమ్ దూరితే అది ముఖ్యంగా 50 దగ్గర కనిపించాలి. బ్రిడ్జి రెక్టిఫయర్ మాత్రం ఏసీలో రెండు సగాలనీ ఒకే వైపుకి తిప్పుతుంది కాబట్టి కెపాసిటర్ సెకనుకి 100 సార్లు నిండుతుంది, 100 సార్లు తగ్గుతుంది. అంటే 100 హెర్ట్జ్ కనిపిస్తే అది డీసీ సప్లైలో మిగిలిపోయిన అల, రిపుల్. షీల్డెడ్ కేబుల్‌కి పెట్టిన డబ్బు దండగ అని ఆ ఒక్క గ్రాఫే చెప్తుంది. ఒకవేళ బ్రిడ్జిలో ఒక డయోడ్ పోయి ఉంటే సగం మాత్రమే నిండి రిపుల్ 50కి దిగేది. అది కూడా కాదని తేలింది. ఒక్క స్క్రూ విప్పకుండా ఇంత తెలిసింది.

రెండో కొలత ఊళ్లో, రాత్రి ఎనిమిదింటికి. వాళ్లింట్లో స్టెబిలైజర్ మీదున్న మీటరు 198 చూపించింది. ప్రీఆంప్ ఆన్‌లో ఉండగా, మైక్ తగిలించి ఉండగా, రెగ్యులేటర్‌కి ముందు వోల్టేజ్ చూస్తే 15.7. తర్వాత చూస్తే 14.2. అదే కాలేజీలో, 231 వోల్టుల కరెంటు మీద, రెగ్యులేటర్‌కి ముందు 18.4, తర్వాత 15.02. ఈ నాలుగు నంబర్లు పక్కపక్కన రాస్తే ఇక వెతకడానికి ఏమీ లేదు.

ఎందుకంటే 7815 లాంటి రెగ్యులేటర్ వోల్టేజ్‌ని పుట్టించదు. ఎక్కువగా వచ్చినదాన్ని తగ్గించి నిలబెడుతుంది, అంతే. డాబా మీద ట్యాంకు, కింద కుళాయి అనుకోండి. ట్యాంకులో నీళ్లు కాస్త ఎక్కువైనా తక్కువైనా కుళాయి తిప్పుకుంటూ ఒకే ధార వచ్చేలా చూడొచ్చు. నీటిమట్టం కుళాయి దాకా దిగిపోతే ఎంత తిప్పినా ఏం లాభం? 7815కి అవుట్‌పుట్ కంటే ఇన్‌పుట్ సుమారు 2 వోల్టులు ఎక్కువ ఉండాలి. అంటే 17 దాకా. లోడ్ చాలా తక్కువైతే ఇంకాస్త తక్కువతో సర్దుకుంటుంది. 15.7 వస్తే మాత్రం చేతులెత్తేస్తుంది. అప్పుడు అవుట్‌పుట్ 14.2కి పడటం ఒక్కటే కాదు, కెపాసిటర్ మీదున్న 100 హెర్ట్జ్ అల కూడా అడ్డులేకుండా బయటికొస్తుంది.

మరి 15.7 మాత్రమే ఎందుకు వచ్చింది? డిజైన్‌లో 15-0-15 ట్రాన్స్‌ఫార్మర్ అని ఉంది. షాపులో అది లేదని 12-0-12 ఇచ్చారు, సర్దుకుంటుంది అన్నారు. కాగితం మీద లెక్క వేస్తే 12ని 1.414తో గుణిస్తే 17, డయోడ్‌లో 0.7 పోతే 16.3. అంటే 230 వోల్టులు నిండుగా ఉన్నా సరిపోకూడదు. కానీ కాలేజీలో 18.4 వచ్చింది కదా? ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసిన 12 అనేది పూర్తి లోడ్ మీద వచ్చే వోల్టేజ్. చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు తక్కువ లోడ్ మీద పది, పదిహేను శాతం ఎక్కువే ఇస్తాయి. 500 మిల్లీ ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్ మీద ఈ ప్రీఆంప్ లాగేది 20 మాత్రమే. ఆ బోనస్‌తోనే పగలు పాసైపోయింది. రాత్రి లో వోల్టేజ్ ఆ బోనస్‌ని తినేసింది.

మూడో కొలత మళ్లీ కాలేజీలో, ఈసారి ట్రిపుల్ఈ ల్యాబ్‌లో, ల్యాబ్ అసిస్టెంట్ గారి సమక్షంలో. డిమ్మర్‌స్టాట్ మీద పెట్టి కరెంటుని 230 నుంచి మెల్లగా తగ్గించుకుంటూ వచ్చారు. 210 దగ్గర మోత మొదలైంది. ఊళ్లో ఉన్న జబ్బు బెంచ్ మీద కనిపించింది. నా దృష్టిలో ట్రబుల్‌షూటింగ్ పూర్తయిన క్షణం అదే. జబ్బుని మనం కావాలన్నప్పుడు తెప్పించి, వద్దన్నప్పుడు పోగొట్టగలిగితే దాని కారణం మన చేతికి చిక్కినట్టే. తర్వాత చేసేది రిపేరు మాత్రమే.

రిపేరు కూడా చిత్రంగా తేలింది. అందరూ 15-0-15 ట్రాన్స్‌ఫార్మర్ కోసం హైదరాబాద్ కోఠిలో వెతకాలనుకున్నారు. అసలు 15 వోల్టులు ఎవరడిగారు? ఎన్‌ఈ 5532 ప్లస్ మైనస్ 12 మీద కూడా హాయిగా పనిచేస్తుంది. ఎలక్ట్రెట్ మైక్‌కి కొన్ని వోల్టులు చాలు. 7815, 7915 తీసి 7812, 7912 పెట్టారు, పని అయిపోయింది. ఇప్పుడు రెగ్యులేటర్‌కి 14 దాకా వస్తే చాలు, ఊళ్లో 198 మీద 15.7 వస్తోంది. లెక్క ప్రకారం కరెంటు 180కి పడినా తట్టుకోవాలి. దాంతోపాటు మైక్‌కి కరెంటు వెళ్లే దారిలో 2.2 కిలో ఓమ్ రెసిస్టర్ ఒకటి, దాని తర్వాత గ్రౌండ్‌కి 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి అదనంగా పెట్టారు. ఆ రెండూ కలిసి 100 హెర్ట్జ్ అలని వంద రెట్లకు పైగా అణిచేస్తాయి. ఎందుకు పెట్టాలంటే, సప్లైలో మురికిని ఐసీ చాలావరకు పట్టించుకోదు. మైక్ మాత్రం దాన్ని నేరుగా సిగ్నల్‌లో కలిపేస్తుంది. తర్వాతి స్టేజి ఆ కలిసినదాన్ని వంద రెట్లు పెంచుతుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. "ఆఖరికి పార్టులు మార్చే కదా బాగుచేశారు? మొదటి రోజే 7812 పెట్టి ఉంటే అయిపోయేదిగా?" నిజమే, పెట్టి ఉంటే మోత పోయేది. కానీ ఎందుకు పోయిందో తెలిసేది కాదు. ఇంకో ఊళ్లో, ఇంకో సర్క్యూట్‌లో మళ్లీ మొదటి నుంచి మార్చుకుంటూ రావాలి. కొలిచి చేసినవాడికి 180 దాకా పరవాలేదు అని ముందే తెలుసు. గుడ్డిగా మార్చినవాడికి ఆ నంబరు ఉండదు. పైగా మార్చడంలో కొత్త జబ్బులు కూడా వస్తాయి. 7815కీ 7915కీ కాళ్ల వరుస ఒకటి కాదు. 7815లో మొదటి కాలు ఇన్‌పుట్, మధ్యది గ్రౌండ్. 7915లో మొదటిది గ్రౌండ్, మధ్యది ఇన్‌పుట్. రేకు కూడా అంతే, 7815 రేకు గ్రౌండ్, 7915 రేకు ఇన్‌పుట్. మైకా షీట్ లేకుండా రెండింటినీ ఒకే హీట్‌సింక్‌కి బిగిస్తే మైనస్ సప్లై షార్ట్ అయిపోతుంది. హడావిడిగా మార్చేవాళ్లు పడే గుంట ఇదే.

రెండో అభ్యంతరం మా బ్రాంచ్ నుంచే వస్తుంది. "మనం సీఎస్ఈ, మనకెందుకు ఈ గోల?" నాకైతే ఇది డీబగ్గింగ్‌కి దొరికిన బెస్ట్ క్లాసు అనిపించింది. కోడ్‌లో బగ్ వస్తే మనం ఏం చేస్తాం? మధ్యలో ఒక ప్రింట్ పెట్టి, అక్కడిదాకా సరిగ్గా ఉందో లేదో చూస్తాం. ఉంటే బగ్ కింద ఉంది, లేకపోతే పైన ఉంది. పవర్ సప్లైలో రెగ్యులేటర్ ముందు ప్రోబ్ పెట్టడం కూడా అదే. అక్కడ తక్కువ ఉంటే తప్పు ట్రాన్స్‌ఫార్మర్ వైపు, సరిపడా ఉండి బయట తక్కువ వస్తే తప్పు రెగ్యులేటర్‌దో, దాని తర్వాత లోడ్‌దో. ఒక్క రీడింగ్‌తో సగం సర్క్యూట్ నిర్దోషి అని తేలిపోతుంది. తేడా ఏంటంటే ఇక్కడ ఎర్రర్ మెసేజ్ రాదు, లైన్ నంబరు చెప్పదు. అడగాల్సింది మనమే.

అయితే కొలవడం కూడా తెలిసి కొలవాలి. లోడ్ లేకుండా కొలిచిన వోల్టేజ్‌కి పెద్ద విలువ లేదు. ఖాళీగా ఉన్నప్పుడు దాదాపు ప్రతి సప్లై బుద్ధిమంతుడిలానే కనిపిస్తుంది. మన దగ్గర ఎక్కువగా ఉండే చిన్న పసుపు మీటర్లలో డీసీ మీద పెడితే సగటు మాత్రమే చూపిస్తుంది, దాని మీదున్న అల కనపడదు. వాటిలో ఏసీ వైపు రేంజ్ మొదలయ్యేదే 200 వోల్టుల దగ్గర, కాబట్టి చిన్న రిపుల్‌కి పనికిరాదు. రిపుల్ చూడాలంటే ఆసిలోస్కోప్‌ని ఏసీ కప్లింగ్‌లో పెట్టి చూడాలి. ఇంకోటి, 7815 డేటాషీట్ ప్రకారం 14.4 నుంచి 15.6 మధ్య ఏది వచ్చినా మంచిదే. 14.8 వచ్చిందని ఐసీని పీకేయక్కర్లేదు. అన్నిటికన్నా ముఖ్యం, ట్రాన్స్‌ఫార్మర్‌కి అటువైపు ఉన్నది 230 వోల్టులు. అటు ఫ్యూజ్ ఉండాలి, జాయింట్లు బయటికి కనపడకూడదు. ఆ వైపు చేయి పెట్టాల్సి వస్తే ప్లగ్ పీకాక, కెపాసిటర్లు ఖాళీ అయ్యాక మాత్రమే. మన కొలతలన్నీ ఇటువైపే చేసుకోవచ్చు.

ఇక కాలేజీకి నా రిక్వెస్ట్. సెమిస్టర్‌కి ఉన్న పది, పన్నెండు ఎక్స్‌పెరిమెంట్లలో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, చెడిపోయిన సర్క్యూట్ ఇవ్వండి. ఒక బ్యాచ్‌కి డయోడ్ పోయింది, ఒక బ్యాచ్‌కి ఎండిపోయిన కెపాసిటర్, ఇంకో బ్యాచ్‌కి సరిపోని ట్రాన్స్‌ఫార్మర్. రికార్డులో గ్రాఫ్ వద్దు. ఎక్కడ కొలిచారు, ఎంత వచ్చింది, దాన్నిబట్టి దేన్ని అనుమానితుల లిస్టులోంచి తీసేశారు, ఇవి రాయమనండి. తప్పు దొరక్కపోయినా ఆ వరుస బాగుంటే మార్కులివ్వండి. అరవై మంది ఉన్న క్లాసులో టైమ్ చాలదని అంటారని తెలుసు. కానీ కొత్త పరికరాలేం కొనక్కర్లేదు. చెడిపోయిన కిట్లు మన ల్యాబ్ బీరువాలో ఇప్పటికే ఉన్నాయి, చెత్త అని పక్కన పెట్టినవి. వాటి కన్నా మంచి టీచింగ్ మెటీరియల్ ఎక్కడ దొరుకుతుంది? అప్పుడప్పుడు ఆ రిపేర్ షాప్ అంకుల్ లాంటి వాళ్లని గెస్ట్ లెక్చర్‌కి పిలిస్తే ఇంకా మంచిది. పవర్‌పాయింట్ ఉండకపోవచ్చు, కానీ మొదటి ప్రశ్న ఏం అడగాలో ఆయనకి తెలుసు.

నాయనమ్మ కథల సంగతి అడుగుతారేమో. నాయిస్ రిమూవల్ వాడితే మోత తగ్గింది గానీ, 200, 300 దగ్గర మన గొంతు కూడా ఉంటుంది కదా, ఆవిడ గొంతు రేకు డబ్బాలో మాట్లాడినట్టయింది. సంక్రాంతికి మళ్లీ వెళ్లి రికార్డ్ చేశారు. శబ్దం శుభ్రంగా ఉంది. కథలు మాత్రం అవే కావు. "మొన్న చెప్పాగా అది" అని రెండు కథలు ఆవిడ దాటేసింది, ఒకటి సగంలో మర్చిపోయింది. అందుకని ఆ మోత ఉన్న నలభై నిమిషాల ఫైలుని డిలీట్ చేయలేదు. రెండూ మన క్లబ్ డ్రైవ్‌లో ఉంచాం, వినండి. వచ్చే సెలవుల్లో ఎవరైనా ఈ ప్రీఆంప్‌ని ఊరికి తీసుకెళ్తే, ఆన్ చేయగానే ముందు ఒక నిమిషం ఖాళీగా రికార్డ్ చేసి హెడ్‌ఫోన్స్‌లో వినండి. అది కూడా పొద్దున కాదు, మీ ఊళ్లో కరెంటు అన్నిటికన్నా తక్కువగా ఉండే టైమ్‌లో.